గుండెల మీద కుంపటి!

తీరని బెంగ ఏదైనా పట్టుకుంటే 'గుండెల మీద కుంపటి' అంటాం. అది మాటవరసకే. నిజంగానే కుంపటిని గుండెలకు హత్తుకుని తిరిగేవాళ్లున్నారు. డబ్బీలో పెట్టి జేబులో వేసుకునేవాళ్లూ ఉన్నారు. పల్నాటి మిరపకల్లం నుంచి కాశ్మీరు లోయ దాకా, అక్కణ్నుంచి జపాను దాకా... చలికాలంలో మనిషి వెంట నడిచిన గుప్పెడు నిప్పు కథ ఇది. ఆ నిప్పు పక్కనే పొంచి ఉండే ప్రమాదం కథ కూడా!

రెంటచింతల పేరు వింటేనే చెమట పడుతుంది. వేసవి వచ్చిందంటే చాలు, ఎండలు మండిపోతున్న ఊళ్ల జాబితాలో ఆ పేరు కనబడాల్సిందే. గురజాల, మాచర్ల, పిడుగురాళ్ల... అన్నీ ఆ సెగ ఎరిగిన ఊళ్లే. అలాంటి పల్నాడులో చలి గురించి మాట్లాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ జనవరిలో తెల్లవారుజామున నాలుగింటికి ఒక్కసారి మిరపకల్లంలో నిలబడి చూడండి. నవ్వు రాదు, పళ్లు టకటకలాడతాయి.

మబ్బు భూమికి దుప్పటి లాంటిది. పగలంతా నేల తాగిన వేడిని రాత్రి పైకి పోనివ్వకుండా ఆపుతుంది. శీతాకాలంలో పల్నాటి ఆకాశం మీద చాలా రోజులు ఆ దుప్పటి ఉండదు. గాల్లో తేమా తక్కువే. పొద్దుగూకితే చాలు, నేల చల్లబడిపోతుంది. ఊళ్లో నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లకు అది అంతగా తెలియదు. ఆరుబయట పడుకునేవాళ్లకే తెలుస్తుంది.

పల్నాటి చలికి రెండు తిరునాళ్లే హద్దులు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. ఆ అయిదు రోజులూ గడిచేసరికి పెట్టెల్లోని దుప్పట్లు బయటికొస్తాయి. మళ్లీ నరసరావుపేట పక్కన కోటప్పకొండకు ప్రభలు కదిలేదాకా... అంటే శివరాత్రి దాకా చలిదే రాజ్యం. ఆ రోజుతో చలి 'శివ శివా' అంటూ వెళ్లిపోతుందని మనవాళ్ల మాట.

రైతుకు పని ఎక్కువుండేది కూడా ఆ రెండు తిరునాళ్ల మధ్యే. పత్తి తీతలు, ఆ వెంటే మిరప కోతలు. ఎర్రటి కాయ కల్లానికి చేరాక రాత్రి కావలి తప్పదు. మంచుకు కాయ రంగు చెడకుండా పట్టాలు కప్పాలి. దొంగల భయం ఉండనే ఉంది. ఆ చీకట్లో కావలి మనిషికి తోడుండేవి రెండే. ఒకటి కుక్క, రెండోది నిప్పు.

ఆ నిప్పుకీ లెక్కలున్నాయి. పత్తి కట్టె వేస్తే భగ్గున లేచి, చూస్తుండగానే చల్లారిపోతుంది. తుమ్మ మొద్దు అలా కాదు. అంటుకోవడానికి బతిమాలించుకుంటుంది గానీ, ఒకసారి అంటుకుంటే బొగ్గులు తేరి తెల్లారేదాకా ఉంటుంది. మంట కాయకు దూరంగా, గాలివాలు చూసి వేయాలి. ఒక్క నిప్పురవ్వ ఎగిరినా ఏడాది కష్టం బూడిదే. పొరపాటున ఓ ఎండుమిరపకాయ అందులో పడిందా... ఆ ఘాటుకు చుట్టూ ఉన్నవాళ్లంతా దగ్గుతూ లేచిపోవాల్సిందే!

దాలిలో పాలు... కుమ్ములో దుంపలు

ఒకప్పుడు చలి కాచుకోవడానికి కల్లం దాకా వెళ్లక్కర్లేదు. పాడి ఉన్న ఇంటి పెరట్లో దాలిగుంట ఉండేది. గుంటలో పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, పైన పాలకుండ పెట్టేవాళ్లు. మంట ఉండదు. సన్నటి సెగ మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటుంది. పాలు కాగి కాగి ఎర్రబారి, మీద చెయ్యిమందాన మీగడ కట్టేది. చలి ఉదయాల్లో ఆ ఇంటి ముసలాళ్లూ పిల్లలూ పిల్లీ... అందరి చోటూ ఆ దాలి పక్కనే. కుమ్ములో చిలగడదుంపలు పూడ్చిపెట్టి, ఎప్పుడు కాలతాయా అని కాచుకు కూర్చోవడం పిల్లల వంతు.

దాలిని కదిలించలేం. కదిలించగలిగే నిప్పు కుంపటి. మట్టిదో ఇనుపదో, కింద గాలి పోవడానికి ఓ కంత, మధ్యలో చువ్వలు, పైన బొగ్గులు. వంటింట్లో కాఫీకి, వసారాలో తాతయ్య చేతులకు, బాలింత మంచం పక్కన సాంబ్రాణి పొగకు... ఎక్కడ కావాలంటే అక్కడికి. అగ్గిపెట్టె కూడా దాచుకుని వాడుకున్న రోజుల్లో పొద్దున్నే నిప్పు కోసం పొరుగింటికి వెళ్లి, పిడక మీద అడిగి తెచ్చుకునేవాళ్లు. 'నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికెలా తెల్లవారుతుంది' అని ఓ ముసలమ్మ అనుకుందన్న సామెత అందుకే పుట్టింది. కోడి కూసి లేపాలి. కుంపటి నిప్పివ్వాలి. పాపం, ఆ ముసలమ్మ బడాయిలో కొంత నిజం లేకపోలేదు మరి! కోడి పందెం కోసం రాజ్యాలే పోగొట్టుకున్న పల్నాటి వాళ్లకు ఆ సామెతలో కోడి విలువ వేరే చెప్పాలా?

తర్వాత కిరోసిన్ స్టవ్‌లొచ్చాయి. 1999లో దీపం పథకం మొదలయ్యాక పల్లెల్లోకీ గ్యాసు బండలు చేరాయి. కుంపటి అటకెక్కింది. కానీ చలికాలం వచ్చినప్పుడల్లా అటక మీంచి కిందికి దిగుతూనే ఉంది.

కిటుకంతా నివురులోనే

నిప్పును గంటల తరబడి నిలపడం ఎలా? మన అమ్మమ్మలకు ఆ రహస్యం తెలుసు. రాత్రి వంట అయ్యాక కణకణలాడే బొగ్గుల మీద బూడిద కప్పేవాళ్లు. పొద్దున్నే పుల్లతో కదిపి, ఓసారి ఊదితే చాలు... ఎర్రగా కళ్లు తెరిచేది. అదే 'నివురు గప్పిన నిప్పు'. బూడిద గాలిని ఆపదు, తగ్గిస్తుంది. గాలి తగ్గితే బొగ్గు నెమ్మదిగా కాలుతుంది. నెమ్మదిగా కాలితే ఎక్కువసేపు ఉంటుంది. ప్రపంచంలో మనిషి ఎక్కడెక్కడ నిప్పును ఒంటి మీద మోశాడో, అక్కడల్లా తొలుత ఉపయోగపడింది ఈ కిటుకే.

కాశ్మీరునే తీసుకోండి. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజులు 'చిల్లై కలాన్'... చలికి పట్టపుకాలం. ఆ రోజుల్లో దాల్ సరస్సు కూడా గడ్డకడుతుంటుంది. కాశ్మీరీలు పాదాల దాకా జారే ఫెరన్ అనే వదులు అంగీ వేసుకుని, దాని లోపల 'కాంగ్రీ' పట్టుకు తిరుగుతారు. చిన్న మట్టిపిడత, చుట్టూ పుల్లలతో అల్లిన బుట్ట, పట్టుకోవడానికి పిడి. పిడతలో బొగ్గు, చినార్ ఆకులు కాల్చిన మసి, మీద వెచ్చటి బూడిద. అదండీ, అచ్చమైన గుండెల మీద కుంపటి! చరారే షరీఫ్‌లో అల్లే కాంగ్రీలకు లోయంతటా పేరుంది.

దాని వెనక ఓ చేదు నిజమూ ఉంది. 1865లో కాశ్మీరు వెళ్లిన ఎల్మ్‌స్లీ అనే డాక్టరు అక్కడివాళ్ల పొట్ట మీద, తొడల మీద ఓ రకం చర్మ క్యాన్సర్ ఎక్కువగా ఉండటం గమనించాడు. కారణం కాంగ్రీయేనని 1866లో రాశాడు. ఏళ్ల తరబడి ఒకేచోట సెగ తగిలి చర్మం మొదట వలలాగా నల్లబడుతుంది. దశాబ్దాలకు అది పుండవుతుంది. వైద్య పుస్తకాల్లో దాని పేరే 'కాంగ్రీ క్యాన్సర్'.

జేబులో నిప్పు

జపాను వాళ్లూ మనలాగే ఆలోచించారు. వాళ్ల భాషలో చలి కాచుకునే ఈ పరికరం పేరు 'కైరో'. 'కై' అంటే ఎద, 'రో' అంటే పొయ్యి. రెండూ కలిపితే ఏమైంది? మళ్లీ మన గుండెల మీద కుంపటే!

మొదట్లో రాయిని కాచి గుడ్డలో చుట్టి పెట్టుకునేవాళ్లు. పదిహేడో శతాబ్దం చివర్లో చిల్లుల రేకు డబ్బీ వచ్చింది. అందులో మసీ బూడిదా దట్టించి అంటిస్తే, మంట లేకుండా నెమ్మదిగా రాజుకుంటుంది. అక్కడా నివురు సూత్రమే.

అసలు మలుపు 1923లో వచ్చింది. నీచి మతోబా అనే ఆయన బొగ్గునే తీసేశాడు. డబ్బీలో దూది, దూదిలో పెట్రోలు జాతికే చెందిన బెంజీన్ అనే తేలికపాటి నూనె, మూతి దగ్గర ప్లాటినం పూసిన పీచు. నూనె ఆవిరి ఆ ప్లాటినాన్ని తాకగానే గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి, మంట లేకుండానే వేడి పుట్టిస్తుంది. ప్లాటినానికి ఈ గుణం ఉందని జర్మనీ శాస్త్రవేత్త డోబరైనర్ 1823లోనే చూపించాడు. సరిగ్గా వందేళ్లకు అది జేబులోకి చేరిందన్నమాట. ఒకసారి నూనె పోస్తే దాదాపు రోజంతా వెచ్చగా ఉంటుంది. మంచులో వేటకూ చేపలకూ వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఈ డబ్బీలను ఇష్టపడతారు. జిప్పో లైటర్ల కంపెనీ కూడా ఇలాంటివి అమ్ముతోంది.

1978లో జపాను మార్కెట్లోకి 'హొకారాన్' అనే పొట్లం వచ్చింది. అందులో ఉండేది ఇనుప రజను, ఉప్పు, నీరు, బొగ్గు పొడి వంటివి. కవరు చించి గాలి తగలనిస్తే రజను తుప్పు పట్టడం మొదలవుతుంది. ఆ తుప్పులోంచే వేడి! ఇప్పుడు కేదారనాథ్, అమర్‌నాథ్ యాత్రలకు వెళ్లేవాళ్ల సంచుల్లో కనిపించే వెచ్చటి పొట్లాలు ఈ జాతివే.

పొగ పోయింది... ముప్పు పోలేదు!

ఇంతకీ పల్నాటి కుంపటితో వచ్చిన చిక్కేమిటి? నిప్పును నిలబెట్టే నివురే దాన్ని విషంగా మారుస్తుంది. బొగ్గుకు గాలి బాగా అందితే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే అదంటే 200 రెట్లకు పైగా మక్కువ. ఆక్సిజన్ కూర్చోవాల్సిన కుర్చీలన్నీ అదే ఆక్రమించేస్తుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. మెలకువగా ఉన్నవాళ్లకు ఇవైనా తెలుస్తాయి. నిద్రలో ఉంటే ఏమీ తెలియదు. నిద్ర నిద్రలాగే ఉండిపోతుంది.

మనవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే. కుంపటిని బయట రాజేసి, పొగంతా పోయాక, బొగ్గులు ఎర్రబడ్డాక లోపలికి తెస్తారు. పొగ లేదు కాబట్టి భయం లేదనుకుంటారు. కళ్లు మండించే పొగ కనీసం మనల్ని బయటికి తరుముతుంది. ఈ వాయువు జోకొడుతుంది!

2020 జనవరిలో నేపాల్‌లోని దమన్‌లో ఏం జరిగిందో గుర్తుందా? కేరళ నుంచి విహారయాత్రకు వెళ్లినవాళ్లు ఓ రిసార్టులో చలికి తట్టుకోలేక గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులూ కిటికీలూ మూసి పడుకున్నారు. ఒకే గదిలోని ఎనిమిది మంది తెల్లారేసరికి స్పృహలో లేరు. ఎవరూ దక్కలేదు. వారిలో నలుగురు పిల్లలు. వేరే గదిలో పడుకున్న ఓ బాబు మాత్రం బతికి బయటపడ్డాడు. అక్కడున్నది బొగ్గు కాదు, గ్యాసు. ఇంధనం ఏదైనా మూసిన గదిలో తీరు ఒక్కటే.

'మా తాతల కాలంలో ఏమీ కాలేదే' అంటారా? వాళ్ల ఇళ్లు వేరు. పూరింటి చూరు, పెంకుల సందులు, చెక్క తలుపుల చీలికలు... ఇల్లంతా ఊపిరి తీసుకునేది. అందులోనూ కుంపటి ఎక్కువగా వసారాలోనో అరుగు మీదో ఉండేది. ఇప్పుడు మనవి శ్లాబు ఇళ్లు, అద్దాల కిటికీలు, ఏసీ కోసం సందులు మూసిన గదులు. ఇల్లు మారింది, కుంపటి మారలేదు. ముప్పంతా అక్కడే. కల్లంలోనూ అంతే. మంట ఆరుబయట ఉన్నంతసేపు ఫర్వాలేదు. మంచు పడుతోందని పట్టా దించుకుని, ఆ బొగ్గుల్ని లోపల పెట్టుకుంటే ఆ గుడారమే మూసిన గది. అన్నిటికంటే భయపడాల్సింది బాలింత గది గురించి. గాలి తగలకూడదని తలుపులన్నీ బిగించి, మంచం కింద కుంపటి పెడితే... పసిగుడ్డు తలనొప్పి అని చెప్పలేదు కదా!

ఇవి మరవకండి

* కుంపటి, బొగ్గులు, కట్టెల నిప్పు... ఏదైనా ఆరుబయటే. నిద్రపోయే గదిలోకి తేవద్దు. కిటికీ కాస్త తెరిచాం కదా అనీ తేవద్దు.
* బాలింత గదిని, పాపాయి పక్కను వెచ్చని బట్టలతోనే వెచ్చగా ఉంచండి. సాంబ్రాణి వేయాలనుకుంటే తలుపులు తీసి, పాపాయిని పక్క గదిలో ఉంచి వేయండి. వెంటనే నిప్పు బయట పెట్టేయండి.
* నూనెతో వెలిగే చేతి డబ్బీలు కూడా గాలిని వాడుకునేవే. నూనె బయటే పోయండి, మంటకు దూరంగా ఉంచండి. పక్కలో పెట్టుకు పడుకోవద్దు.
* 44 డిగ్రీల వేడి ముట్టుకుంటే హాయిగానే ఉంటుంది. అదే వేడి ఆరు గంటలపాటు ఒకేచోట తగిలితే చర్మం కాలుతుందని 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు తేల్చారు. వేడి పొట్లాలైనా, వేడినీళ్ల సంచులైనా గుడ్డ చుట్టే వాడాలి. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మంచిది.
* నిప్పున్న గదిలో ఒకరికి మించి తలనొప్పి, వాంతులు మొదలైతే అజీర్తి అనుకోవద్దు. తలుపులు తెరిచి అందరినీ బయటికి తెచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయండి. దీనికి మొదటి మందు ఆక్సిజనే.

నిప్పుతో మన చుట్టరికం ఈనాటిది కాదు. దాన్ని పూర్తిగా వదులుకోనూ అక్కర్లేదు. కల్లం గట్టున నలుగురూ చుట్టూ చేరి, అరచేతులు చాపి, కబుర్లాడుకునే ఆ వెచ్చదనం ఏ పొట్లంలోనూ దొరకదు. కాకపోతే లేచి వెళ్లేటప్పుడు దాన్ని అక్కడే వదిలి రావాలి. పడుకునేముందు ఇంట్లోకి రావాల్సింది మనం. బయట ఉండాల్సింది కుంపటి.

ఆ ముసలమ్మ కుంపటి లేకపోయినా ఊరికి తెల్లవారుతుంది. దాన్ని గదిలో పెట్టుకుని తలుపేసుకుంటేనే... ఆ ఇంటికి తెల్లవారకపోవచ్చు!