ఇసుక మీద రాసిన జాడలు: థార్ ఎడారిలో పాములు, తొండల కోసం

డిసెంబరు సెలవుల్లో జైసల్మేర్ వెళ్లేవారు సమ్ ఇసుక దిబ్బల మీద ఒంటె ఎక్కుతారు, సూర్యాస్తమయం చూస్తారు, తిరిగొస్తారు. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లేవారూ అంతే. కెమెరాలో దిబ్బలుంటాయి, ఒంటెలుంటాయి, ఒక్క తొండ కూడా ఉండదు. ఎడారి ఖాళీ అనిపిస్తుంది. నిజానికి ఆ రోజుల్లో అక్కడి సరీసృపాల్లో చాలా భాగం నేల లోపల శీతాకాలపు నిద్రలో ఉంటాయి. అదే మార్చి చివర్లోనో, వానలు పడ్డాక ఆగస్టులోనో వెళ్తే కథ వేరు. అప్పుడైనా ఎక్కువ దూరం నడిచినవారికి కాదు, వేడినీ నీడనూ చదవగలిగినవారికే అవి కనిపిస్తాయి.

ముందుగా వేడి సంగతి. సరీసృపాలను ‘శీతల రక్త జంతువులు’ అనడం పాఠ్యపుస్తకాల అలవాటు. ఈ మాట కాస్త తప్పుదారి పట్టిస్తుంది. ఎండలో చురుగ్గా తిరిగే ఎడారి తొండ ఒంటి వేడి మన ఒంటి వేడిని మించవచ్చు. తేడా ఏమిటంటే, ఆ వేడి దాని లోపల పుట్టదు, ఎండ నుంచీ నేల నుంచీ తెచ్చుకుంటుంది. వేసవి మధ్యాహ్నం ఇసుక పైపొర 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరగలదు. అయితే పొడి ఇసుక వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. పగలు-రాత్రి ఉష్ణోగ్రతల ఊగిసలాట ప్రతి 8 సెంటీమీటర్ల లోతుకు సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అంటే పైన 40 డిగ్రీల తేడా ఉంటే, 25 సెంటీమీటర్ల లోతున అది 2 డిగ్రీలే. జానెడు లోతున్న బొరియ కూడా చల్లని గదే. మిట్టమధ్యాహ్నం ఎడారిలో ఎంత తిరిగినా పెద్దగా ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి మొదటి అవకాశం ఉదయానిది. గట్టి నేల ఉన్నచోట ముళ్లతోక తొండలు బొరియలు తవ్వుకుని, ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. స్థానికులు వీటిని సాండా అంటారు. పెద్దయ్యాక ఇది ప్రధానంగా ఆకులు, గింజలు తినే జంతువు. రాత్రి బొరియ నోటిని మట్టితో మూసుకుంటుంది. పొద్దెక్కాక ముందు తల మాత్రమే బయటపెట్టి, చాలాసేపు అలాగే ఎండ కాగుతుంది. ఫొటోకు అదే సమయం. అయితే మనిషి నీడ పడితే చాలు, లోపలికి జారుకుని ఎంతకీ బయటకు రాదు. బొరియకు 15-20 మీటర్ల దూరంలో నేల మీద కూర్చుని కదలకుండా ఉండటమే పని. అరగంట గడిస్తే మళ్లీ తల కనిపించే అవకాశం ఉంది.

రెండోది నీడ. సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు ఇసుక తెల్లటి కాగితంలా ఉంటుంది. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల ఎత్తున ఉంటే, 5 మిల్లీమీటర్ల ఇసుక గట్టు దాదాపు 3 సెంటీమీటర్ల నీడ వేస్తుంది. 60 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి ఆ నీడ 3 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. రాత్రి రాసిన రాతనంతా పొద్దున మొదటి గంటలో చదువుకోవాలి. ఆపైన గాలి లేస్తే చెరిగిపోతుంది కూడా. మధ్యలో తోక గీత, ఇరువైపులా కాలి గుర్తులు ఉంటే తొండ జాతిదో ఉడుముదో అనుకోవచ్చు. అలలా వంకర తిరిగిన సన్నటి గట్టు ఉంటే, ఇసుక లోపలే ఈదుతూ పోయే ‘ఇసుక చేప’ది కావచ్చు. పేరుకు చేపే గానీ, మన నలికండ్ల పాముకు దగ్గరి బంధువు. ఒకదానితో ఒకటి కలవకుండా, ఏటవాలుగా, వరుసగా పడిన గీతలు కనిపిస్తే మాత్రం ఆగాలి. అవి పక్కవాటుగా పాకే చిన్న పింజరవి, అంటే సా-స్కేల్డ్ వైపర్‌వి.

దిబ్బల మీద మరో ప్రత్యేకమైన జీవి ఉంది. కప్పలాంటి తలతో, ఇసుక రంగులో కలిసిపోయే చిన్న తొండ. 1971 యుద్ధంతో పేరు తెలిసిన లోంగేవాలా మీదుగానే దీనికి శాస్త్రీయ నామం వచ్చింది. 1978లో ఆర్.సి. శర్మ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ప్రమాదం తోస్తే ఒళ్లు అటూ ఇటూ వణికిస్తూ క్షణాల్లో ఇసుకలో మునిగిపోతుంది. మునిగినచోట తవ్వి తీసి ఫొటో తీసేవాళ్లూ ఉన్నారు. అలా తీసింది తొండ సహజ ప్రవర్తన కాదు, దాని భయం.

చిన్న పింజర రాత్రి సంచారి. బుసకు బదులు, ఒళ్లు చుట్టలుగా చుట్టి రంపం లాంటి పొలుసులను రాపాడించి గరగరమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినిపించిందంటే అప్పటికే బాగా దగ్గరకు వెళ్లామని అర్థం. తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ జాతి ఉంది. కానీ రాజస్థాన్‌లో ఉండే ఉపజాతి విషయంలో అదనపు చిక్కు ఒకటుంది. మన దేశంలో విషానికి విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషాలతో తయారవుతుంది. ఆ విషాల్లో అధిక భాగం తమిళనాడులో పట్టిన పాములవి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు భాగస్వాములైన 2019 అధ్యయనంలో, ఎడారి ప్రాంతపు చిన్న పింజర ఉపజాతి, సింధ్ కట్లపాము వంటి వాటి విషాలపై ఈ మందులు ఆశించినంత పనిచేయలేదని తేలింది. అయినా కాటు పడితే ఆసుపత్రికి వెళ్లి ఆ మందే తీసుకోవాలి, వేరే దారి లేదు. అందుకే రెండు మీటర్ల దూరం, మడమ దాటిన బూట్లు, చేతిలో టార్చి తప్పనిసరి. బొరియలో చేయి పెట్టడం, పామును కర్రతో సర్దడం ఫొటోగ్రఫీ కాదు. రక్షిత ప్రాంతాల్లోకీ, సరిహద్దుకు దగ్గరి భూముల్లోకీ ముందుగా అనుమతి లేకుండా వెళ్లకూడదు.

ఆ దూరం నుంచి మంచి ఫొటో వస్తుందా? పొడవాటి లెన్సు ఉంటే వస్తుంది, అదీ పొద్దున పూటే. వేడెక్కిన ఇసుక మీది గాలి పొరలు కాంతిని వంచుతూ ఉంటాయి. వేసవి రోడ్డు మీద నీళ్లున్నట్టు భ్రమ కలిగించేది ఇదే. పది దాటాక లెన్సు ఎంత ఖరీదైనదైనా పొలుసుల అంచులు అలుక్కుపోతాయి. తప్పు కెమెరాది కాదు, గాలిది. పొద్దున్నే నేల మీద బోర్లా పడుకుని, జంతువు కంటి ఎత్తు నుంచి తీస్తే పొలుసు పొలుసూ తెలుస్తుంది.

ఫొటో తీశాక చేసే పనిలోనే అసలు ప్రమాదం దాగుంది. సాండా కొవ్వు నుంచి తీసిన నూనె కీళ్ల నొప్పులకూ, లైంగిక శక్తికీ మందని బజార్లలో అమ్ముతారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. అది కేవలం కొవ్వు. వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించినా వేట ఆగలేదు. పట్టిన తొండ పారిపోకుండా వెన్ను విరిచి, ప్రాణంతోనే అమ్మకానికి తెస్తారు. ఈ తొండ బొరియను వదిలి దూరం పోదు, పక్కనే దాని తోటివి ఉంటాయి. ఒక్క బొరియ చిరునామా తెలిస్తే మొత్తం గుంపు దొరికినట్టే. ఫోను తీసిన ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు దాగి ఉండవచ్చు. ఐనేచురలిస్ట్ వంటి వేదికలు ముప్పున్న జాతుల కచ్చితమైన స్థలాన్ని వాటంతట అవే మరుగుపరుస్తాయి. పరిశోధకులకు ఆ పాటి సమాచారమూ ఉపయోగపడుతుంది. వాట్సాప్‌లో అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే స్థలం వివరాలు కూడా వెంట వెళ్తాయి. ఆ వివరాలు తీసేసినా, వెనక కనిపించే గాలిమరల వరుసనో, గుడి శిఖరాన్నో బట్టి ఊరు పట్టేసేవాళ్లున్నారు. ఫ్రేములోంచి వాటిని తప్పించడానికి కెమెరాను కాస్త కిందికి వంచితే సరిపోతుంది.