వేపచెట్టు: ఉపయోగములును జాగ్రత్తలును

మార్కాపురము మొదలు గిద్దలూరు వరకు నల్లమల యంచున నున్న పల్లెలలో వేపచెట్టు నీడ లేని రచ్చబండ అరుదు. వానలు చాలక పైరులెండిన యేటను ఇది పచ్చగనే నిలుచును. దీని పూత ఉగాది పచ్చడికి, పుల్ల పండ్లు తోముటకు, ఆకు గింజల గాదెకు, పిండి పొలమునకు వచ్చును. ఇన్ని విధముల తోడుగా నున్న చెట్టు వలన కీడు కలుగునన్న మాట మన రైతుసోదరులకు రుచింపదు. అయినను ఒక్క విషయమున మేము మొగమాటము లేక వ్రాయవలసియున్నది. అది పసిబిడ్డలకు వేపనూనె త్రాగించు అలవాటు.

బిడ్డకు జలుబు చేసినను, కడుపు ఉబ్బినను, నులిపురుగులని తోచినను ఉగ్గుగిన్నెలో కొంత వేపనూనె పోసి పట్టించుట కొన్ని యిండ్లలో కలదు. "మేమందరము త్రాగి పెరిగినవారమే" యని పెద్దల వాదము. పెద్దలను కించపరచుట మా యుద్దేశము కాదు. కాని త్రాగి బ్రదికినవారే యీ మాట చెప్పగలరు. బ్రదుకని బిడ్డలు చెప్పలేరు గదా! మలేషియా దేశపు వైద్యులు ఇట్టి బిడ్డల సంగతిని 1981లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. చిన్న రుగ్మతలకని పట్టిన నూనెయే ప్రాణము మీదికి తెచ్చినది. నూనె లోపలికి పోయిన కొలది గంటలలో వాంతులు, మగత, ఎగశ్వాస, పిమ్మట మూర్ఛలు వచ్చును. కాలేయము చెడి, మెదడు వాచును. పసిబిడ్డకు ఒక చిన్న చెంచాడు నూనెయే అపాయకరము.

పొరపాటున త్రాగించియున్నచో గొంతులో వ్రేలు పెట్టి కక్కింపరాదు. నూనె ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మజ్జిగయు, చింతపులుసును పట్టుచు కాలము గడుపరాదు. 108 బండిని పిలిచి, నూనెసీసాతో సహా బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

పెద్దలకు పుల్లతో పండ్లు తోముకొనుటయు, పండుగనాడు కొంత పూత తినుటయు హాని చేయవు. గర్భిణులు మాత్రము వేపనూనెను, వేపాకు కషాయమును పుచ్చుకొనరాదు. మధుమేహమునకు మాత్రలు వాడువారు ప్రతిదినము వేపరసము త్రాగినచో రక్తములోని చక్కెర మితిమీరి తగ్గి సొమ్మసిల్లవచ్చును. చలిజ్వరము వచ్చినపుడు కషాయమును నమ్మి కూర్చుండక రక్తపరీక్ష చేయించుకొనవలెను. అడవిదాపు గ్రామములవారికి ఈ మాట మరింత అవసరము.

మరియొక చిక్కు గలదు. తురకవేపయని పిలువబడు చెట్టు చూచుటకు వేపవలెనే యుండును గాని, దాని పూలు ఊదారంగువి, కాయలు గుండ్రనివి. ఆకు రాలిన పిదపను పండ్లు కొమ్మలనే వ్రేలాడును. మన వేపపూత తెల్లనిది, పండు కోలగా నుండును. తురకవేప పండ్లు విషము. వేపపండ్లు చీకుట మరిగిన పిల్లలు వీనిని నోట పెట్టుకొనకుండ చూడవలెను.

ఉగ్గుగిన్నెకు పనికిరాని యీ గింజయే పొలమున బంగారము. జూన్, జూలై నెలలలో రాలిన పండ్లను తడినేలపై బూజుపట్టనీయక ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టవలెను. పైపెంకు తీసిన పప్పు 5 కిలోలు పొడిచేసి, గుడ్డలో మూటగట్టి, 10 లీటర్ల నీట రాత్రియంతయు నానవేయవలెను. ఉదయమున మూటను పలుమారులు పిండి, వడకట్టి, 200 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తము 100 లీటర్లు చేయవలెను. ఎండకు దీని సత్తువ చెడును గనుక ఆనాటి సాయంకాలమే చల్లవలెను. కంది, మిరప, ప్రత్తి పైరులపై చిన్నపురుగు నాడే చల్లిన ఫలము. పురుగు తక్షణమే చావదు, మేత మానివేయును. ఇది తెలియక మరునాడే "మందు పనిచేయలేదు" అని దుకాణమునకు పరుగిడువారిని మేము చూచియున్నాము.

ఈ పనికి వాడిన కుండను మరల వంటకు వాడరాదు. వేపనూనెసీసాపై పేరు వ్రాసి, వంటనూనెలకు దూరముగా, పిల్లలకందని యెత్తున ఉంచవలెను.