పాత కార్లలో విద్యుత్ రేడియేటర్ ఫ్యాన్ అమరిక: బోరబండ మెకానిక్కుల వాడుక పదాల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
బెల్టుతో తిరిగే ఫ్యాను ఉన్న పాత కార్లకు విద్యుత్ రేడియేటర్ ఫ్యాను బిగించడం నగరంలోని మెకానిక్ షెడ్లలో తరచుగా జరిగే పని. ఈ పనిలో అర్థ్, రిలే, ఫ్యూజు, డైరెక్ట్ అనే నాలుగు మాటలు కీలకమైనవి. వాటి వెనుక ఉన్న భౌతికార్థాన్ని తెలుసుకోకపోతే ఇంజిన్‌కు, వాహనానికి, కొన్నిసార్లు మనిషికి కూడా ప్రమాదం కలుగుతుంది. ఈ మాటల ఆధారంగా ఫ్యాను విద్యుత్ మార్గాన్ని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: రేడియేటర్ ఫ్యాను, రిలే, ఫ్యూజు, అర్థ్, వృత్తి పదజాలం, బోరబండ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో వృత్తి పదాల సేకరణకు గట్టి పునాది ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను, ఆ తరువాతి సంపుటం చేనేత పదాలను గ్రంథస్థం చేశాయి. నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ శ్రద్ధ మోటారు వాహనాల మరమ్మతుకూ దక్కవలసి ఉంది. ఈ వృత్తిలోని పదాలు ఎక్కువగా ఆంగ్లం నుంచి వచ్చినవే. కానీ షెడ్డులో వాటి అర్థం నిఘంటువులోని అర్థంతో ఎల్లప్పుడూ సరిపోలదు.

బోరబండ ఈ పరిశీలనకు తగిన చోటు. ఒకవైపు మోతీనగర్, ఎర్రగడ్డ, మరోవైపు మాదాపూర్. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత, 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడవడం మొదలైన తరువాత ఈ ప్రాంతం మీదుగా హైటెక్ సిటీకి రాకపోకలు బాగా పెరిగాయి. ఊరి పేరులోనే బండ ఉంది. వీధులు చాలాచోట్ల ఏటవాలుగా ఉంటాయి. ఎత్తు ఎక్కుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ సాగే ప్రయాణం పాత ఇంజిన్‌కు కఠిన పరీక్ష.

ఈ వ్యాసకర్త కుటుంబంలో ఒక ప్రీమియర్ పద్మిని ఉంది. దానికి ఒక షెడ్డులో విద్యుత్ ఫ్యాను బిగించి, “డైరెక్ట్ చేశాం, ఇక హీటవదు” అని చెప్పి పంపారు. ఆ మాట నిజమే, కారు వేడెక్కలేదు. ఒక వేసవి సాయంత్రం రద్దీలో ఆగి ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డు కింద నుంచి కాలిన వాసన వచ్చింది. ఇగ్నిషన్ స్విచ్చు నుంచి ఫ్యానుకు వెళ్లే సన్నని తీగ పైపొర కరిగి పక్క తీగలకు అంటుకుంది. ఆ మార్గంలో ఫ్యూజు లేదు. బ్యాటరీ తీగను వెంటనే తీసివేయడం వల్ల అంతటితో ఆగింది. ‘డైరెక్ట్’ అనే మాటకు అర్థం వెతకడం అక్కడే మొదలైంది.

2. బెల్టు ఫ్యాను - దాని పరిమితి:

1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన హిందుస్థాన్ అంబాసిడర్‌లోనూ, ఫియట్ 1100 వంశానికి చెందిన ప్రీమియర్ పద్మినిలోనూ రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే ఫ్యానూ అంత వేగంగా తిరుగుతుంది. ఇందులోనే చిక్కు ఉంది. రహదారిపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది; అప్పుడు ఫ్యాను అవసరం తక్కువ, కానీ అది జోరుగా తిరుగుతుంది. రద్దీలో ఆగి ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు; అప్పుడు ఫ్యాను అవసరం ఎక్కువ, కానీ అది నెమ్మదిస్తుంది.

ఈ కార్లు రూపొందిన కాలంలో రోడ్ల మీద ఇంత నిలుపుదల లేదు. కనుక లోపం కారుదో ఫ్యానుదో అనడం కన్నా, కారు నడిచే పరిస్థితి మారిందనడం సమంజసం. విద్యుత్ ఫ్యాను ఇంజిన్ వేగాన్ని బట్టి గాక నీటి వేడిని బట్టి తిరుగుతుంది.

అయితే ఫ్యాను మార్చడానికి ముందు ఒక నిర్ధారణ అవసరం. రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయినా, థర్మోస్టాట్ తెరుచుకోకపోయినా, నీటి పంపు అరిగినా ఇంజిన్ వేడెక్కుతుంది. ఆగి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కి, కదలగానే చల్లబడితే గాలి చాలడం లేదని అర్థం. వేగంగా వెళ్తున్నప్పుడూ వేడెక్కితే దోషం ప్రధానంగా మరోచోట ఉందని గ్రహించాలి. అప్పుడు కొత్త ఫ్యాను ఆ జబ్బును దాచిపెడుతుందే తప్ప మాన్పదు.

3. నాలుగు మాటలు - వాటి అర్థాలు:

3.1 అర్థ్:
విద్యుత్తు బ్యాటరీ నుంచి బయలుదేరి, పని చేసి, తిరిగి బ్యాటరీకే చేరాలి. కారులో ఈ తిరుగుదారి ఇనుప శరీరమే. దానినే మెకానిక్కులు ‘అర్థ్’ లేదా ‘బాడీ అర్థ్’ అంటారు. ఈ మాటను ‘భూమి’ అని అనువదిస్తే అర్థం చెడుతుంది. కారు రబ్బరు చక్రాల మీద నిలుస్తుంది. భూమితో ఈ మార్గానికి సంబంధం లేదు. ఇక్కడ అర్థ్ అంటే తిరుగుదారి. ఆ దారిలో రంగు, తుప్పు అడ్డుపడితే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. అందుకే ఇనుమును గీకి, మెరిసే లోహంపైనే తీగను బిగించాలి. మరొక జాగ్రత్త కూడా ఉంది. 1960ల నాటికి ముందరి కొన్ని బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ కొనను శరీరానికి కలిపేవారు. అలాంటి కారులో ఏ కొన శరీరానికి కలిసిందో చూడకుండా ఫ్యాను బిగిస్తే అది వ్యతిరేక దిశలో తిరగవచ్చు.

3.2 రిలే:
రిలే అంటే చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును నడిపే స్విచ్చు. చెరువు తూము దగ్గర ఒక మనిషి బలంతో తలుపు ఎత్తితే మడులన్నీ తడిపే నీరు పారుతుంది. తలుపు ఎత్తే బలం వేరు, పారే నీటి బలం వేరు. రిలేలోనూ అంతే. లోపలి తీగచుట్టకు ఆంపియరులో ఐదోవంతు కన్నా తక్కువ విద్యుత్తు చాలు. అది అయస్కాంతంగా మారి, పది ఇరవై ఆంపియర్లు మోసే కొనలను కలుపుతుంది. పాత కారు ఇగ్నిషన్ స్విచ్చు ఫ్యాను భారాన్ని మోయడానికి చేసినది కాదు. తీగచుట్ట భారాన్ని మాత్రం సులువుగా మోస్తుంది.

రిలే కాళ్లపై అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా విద్యుత్తు వస్తుంది. 87 నుంచి ఫ్యానుకు వెళ్తుంది. 85, 86 తీగచుట్ట కొనలు. ఒకదానికి ఇగ్నిషన్ స్విచ్చు నుంచి తీగ, రెండోదానికి ఉష్ణోగ్రత స్విచ్చు. ఐదు కాళ్ల రిలేలో 87ఎ అనే కొన కూడా ఉంటుంది. రిలే పనిచేయనప్పుడు విద్యుత్తు దాని గుండా వెళ్తుంది. పొరపాటున ఫ్యానును దానికి కలిపితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను తిరిగి, వేడెక్కగానే ఆగిపోతుంది.

3.3 ఫ్యూజు:
ఫ్యూజు ఫ్యానును కాపాడుతుందన్నది సాధారణ భావన. నిజానికి అది ముందుగా కాపాడేది తీగను. చెరువు నిండితే కట్ట తెగకుండా మత్తడి కాపాడినట్లు, తీగ కాలకుండా ఫ్యూజు కాపాడుతుంది. తేడా ఒక్కటే: మత్తడి నీటిని వదులుతుంది, ఫ్యూజు తానే తెగి ప్రవాహాన్ని ఆపుతుంది. కనుక ఫ్యూజు స్థానం బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఫ్యాను దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడి వరకు ఉన్న తీగకు రక్షణ ఉండదు. ఫ్యాను మామూలుగా తీసుకునే విద్యుత్తు కన్నా ఫ్యూజు విలువ ఎక్కువగా, తీగ మోయగలిగిన దానికన్నా తక్కువగా ఉండాలి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది కాబట్టి ఈ వెసులుబాటు అవసరం.

3.4 డైరెక్ట్:
‘డైరెక్ట్ చేయడం’ అంటే మధ్యలో ఉన్నదాన్ని తీసివేసి నేరుగా కలపడం. షెడ్డు వాడుకలో ఇది రెండు వేర్వేరు పనులకు చెల్లుతుంది. ఉష్ణోగ్రత స్విచ్చును పక్కనపెట్టి ఇగ్నిషన్‌తోపాటే ఫ్యాను తిరిగేలా చేయడం ఒకటి. రిలే, ఫ్యూజు రెండింటినీ తీసివేయడం మరొకటి. మొదటిది దారిలో ఆగిపోయిన బండిని ఇంటికి చేర్చే తాత్కాలిక ఉపాయం. రెండోది నిప్పుకు దారి. ఒకే మాట రెండింటినీ కప్పేయడం వల్ల కారు యజమానికి తేడా తెలియదు. “డైరెక్ట్ చేశాం” అని విన్నప్పుడు “ఫ్యూజు ఉందా? రిలే ఉందా?” అని అడగడం అవసరం.

4. తీగ మందం - ఒక లెక్క:

ఫ్యాను 12 ఆంపియర్లు తీసుకుంటుందనీ, తీగ పొడవు 3 మీటర్లనీ అనుకుందాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.018 ఓములు నిరోధం ఉంటుంది. 3 మీటర్లకు 0.054 ఓములు. 12 ఆంపియర్ల వద్ద 0.65 వోల్టులు తీగలోనే తగ్గిపోతాయి. సుమారు 8 వాట్ల వేడి తీగలో పుడుతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టం 0.26 వోల్టులు, వేడి 3 వాట్లకు కొంచెం ఎక్కువ. బానెట్ కింద ఇదివరకే వేడిగా ఉన్న చోట, ఇతర తీగలతో కలిపి టేపు చుట్టిన కట్టలో ఈ తేడా చిన్నది కాదు. ఇలాంటి ఫ్యానుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 20 ఆంపియర్ల ఫ్యూజు తగిన జత.

5. ఉష్ణోగ్రత స్విచ్చు:

థర్మోస్టాట్ సాధారణంగా 82 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో తెరుచుకోవడం మొదలవుతుంది. ఇంజిన్ నుంచి వేడినీళ్లు వచ్చే వైపు బిగించే స్విచ్చు అంతకన్నా ఎక్కువ వేడి వద్ద, అంటే 92 డిగ్రీల ప్రాంతంలో కలిసి, 87 ప్రాంతంలో విడిపోవాలి. థర్మోస్టాట్ కన్నా తక్కువ వేడికే కలిసే స్విచ్చు పెడితే ఫ్యాను ఆగనే ఆగదు.

ఒంటి కొన స్విచ్చులో తిరుగుదారి దాని మరల ద్వారానే ఉంటుంది. నీరు కారకుండా మరలపై టేపు మందంగా చుడితే అర్థ్ తెగిపోయే అవకాశం ఉంది. రేడియేటర్ రబ్బరు దిండ్ల మీద కూర్చున్నా అదే సమస్య. అప్పుడు రేడియేటర్ నుంచి శరీరానికి విడిగా ఒక తీగ కలపాలి.

6. డైనమో ఉన్న కార్లు:

ఈ పనిలో ఎక్కువగా విస్మరణకు గురయ్యే అంశం విద్యుత్ ఉత్పత్తి. ఆల్టర్నేటర్‌కు ముందరి కాలపు కార్లలో ఉండే డైనమో పూర్తి వేగంలో సుమారు 20 నుంచి 25 ఆంపియర్లు ఇస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. కానీ ఫ్యాను అవసరపడేది సరిగ్గా అప్పుడే. రాత్రివేళ రద్దీలో దీపాలు, ఫ్యాను కలిసి బ్యాటరీని పీల్చేస్తాయి. ఇంజిన్ చల్లగానే ఉంటుంది; ఆపి మళ్లీ తీయబోతే సెల్ఫ్ తిరగదు. కాబట్టి డైనమో ఉన్న కారుకు ముందు ఆల్టర్నేటర్ బిగించి, ఆ తరువాతే విద్యుత్ ఫ్యాను గురించి ఆలోచించడం ఉచితం.

7. అమరికలో పాటించవలసిన క్రమం:

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ అర్థ్ తీగను తీసివేయాలి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తెరవరాదు. ఫ్యానును రేడియేటర్ రెక్కల గుండా ప్లాస్టిక్ పట్టీలతో కట్టడం సులువే గాని, కంపనానికి ఆ పట్టీలు గొట్టాలను కోసి నీరు కారేలా చేస్తాయి. చట్రానికి ఇనుప పట్టీలతో బిగించడం మేలు. ఇంజిన్ వైపు బిగించే ఫ్యాను గాలిని లాగాలి, ముందువైపు బిగించేది నెట్టాలి. రెండు సందర్భాల్లోనూ గాలి ముందు నుంచి వెనక్కే సాగాలి. ఫ్యాను తిరుగుతుండగా రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టుకుంటే అది రేడియేటర్‌కు అంటుకోవాలి. ఎగిరిపోతే దిశ తప్పినట్లే. ప్లస్, మైనస్ మార్చితే మోటారు దిశ మారుతుంది గాని, రెక్కల వంపు ఒక దిశకే అనువైనది కాబట్టి గాలి తగ్గుతుంది. చివరగా ఇంజిన్‌ను నిలిపిన చోటే నడిపి, ఫ్యాను తనంతట తాను రెండు మూడుసార్లు మొదలై ఆగేవరకు గమనించాలి. అంతవరకు పాత బెల్టు ఫ్యానును పారవేయకపోవడం మంచిది.

8. ముగింపు:

- ఆగి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కే పాత కారుకు విద్యుత్ ఫ్యాను సరైన పరిష్కారం. మిగిలిన సందర్భాల్లో మూలకారణాన్ని వెతకాలి.
- ఫ్యూజు బ్యాటరీ దగ్గర, రిలే మధ్యలో, తీగ భారానికి తగిన మందంలో ఉండటం ఈ అమరికకు ప్రాణం.
- డైనమో ఉన్న కారులో విద్యుత్ ఉత్పత్తిని పెంచకుండా ఫ్యాను బిగించరాదు.
- అర్థ్, రిలే, ఫ్యూజు తెలుగులో స్థిరపడిన మాటలు. వీటికి కొత్త అనువాదాలు కల్పించడం కన్నా, వాటి అర్థాన్ని తెలుగులో విడమరచి చెప్పడం ప్రయోజనకరం.
- ‘డైరెక్ట్’ వంటి మాట రెండు అర్థాలను మోస్తున్నప్పుడు వృత్తి పదకోశం ఆ తేడాను నమోదు చేయాలి. ఆ తేడా తెలిసిన యజమాని సరైన ప్రశ్న వేయగలుగుతాడు. ఆ ప్రశ్న ఒక కారును కాలిపోకుండా కాపాడగలుగుతుంది.