పొయ్యి పాతదే... ఎర్తు మాత్రం కొత్తగా ఉండాలి!

గుడారి: ముసురు పట్టి కట్టెలు తడిసినా, గ్యాసు బండ అర్ధాంతరంగా ఖాళీ అయినా ఇక్కడి పాత ఇళ్లలో అందరి చూపూ అటక మీదికే పోతుంది. అక్కడ గుడ్డ కప్పి ఓ పొయ్యి ఉంటుంది. మనవాళ్లు కరెంటు పొయ్యి అంటారు, హీటరు అనీ అంటారు. పక్కింటి ఒడియా వాళ్లకు అది ‘హీటర్ చులి’. ఓ ఇనుప డబ్బా, మధ్యలో గాడులు ఉన్న మట్టి ప్లేటు, ఆ గాడుల్లో చుట్టలు చుట్టుకున్న తీగ... అంతే దాని హంగు. దుమ్ము దులిపి ప్లగ్గు పెడితే తీగ ఎర్రబడుతుంది. అన్నం ఉడుకుతుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పొయ్యిని విప్పి చూడకుండా కరెంటులో పెడితే అన్నం మాట అటుంచి, ప్రాణం మీదికి వస్తుంది.

మా ఇంట్లో జరిగిందే చెప్పాలి. తాతగారి కాలం నాటి రెండు వేల వాట్ల పొయ్యి మాది. ఓ వానాకాలం సాయంత్రం పప్పు గిన్నె దించబోయిన అమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. ‘జిల్లుమందిరా బాబూ, దీన్ని ఇంక పారేసీ’ అంది. పారేయడానికి చేతులు రాక విప్పి చూశాం. కాయిల్ బాగానే ఉంది. ప్లేటూ పగల్లేదు. లేనిదల్లా ఎర్తు వైరు! అన్నేళ్లూ ఆ పొయ్యి రెండు వైర్ల మీదే నడిచింది. వానకు మట్టి ప్లేటు చెమ్మ పీల్చుకుంది. ఆ చెమ్మ గుండా కరెంటు ఇనుప డబ్బాకు, అక్కడి నుంచి అమ్మ చేతికి దారి వెతుక్కుంది. మూడు వైర్ల కొత్త తీగ, కొత్త ప్లగ్గు వేయించాక గానీ అది మళ్లీ వంటింట్లోకి రాలేదు.

ఎందుకింత మమకారం?

1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా ఏర్పడే దాకా గుడారి కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. ఆ కోరాపుట్ కొండల్లోనే ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. కరెంటు తీగ పట్నం నుంచి పల్లెకు పాకుతున్న కొద్దీ స్తోమత ఉన్నవాళ్ల ఇళ్లలోకి ముందు బల్బు, తరవాత ఇస్త్రీపెట్టె, ఆ వెనకే కరెంటు పొయ్యి వచ్చి చేరాయి.

ఇప్పుడు ఇండక్షన్ స్టవ్వులు వచ్చాయి కదా అనొచ్చు. నిజమే, వాటికి కరెంటు కాస్త తక్కువ పడుతుంది. కానీ అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నె ఉంటేనే అవి పని చేస్తాయి. సత్తు గిన్నెలకు, రాగి చెంబుకు, మట్టి కుండకు అవి లొంగవు. పాత పొయ్యికి ఆ పేచీ లేదు. ఏ గిన్నె పెట్టినా కాగుతుంది. కొన్ని ఇళ్లలో మూత ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెను కూడా ఉంది. ఒడిశా వారి ఛెనాపొడ కాల్చడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. దాని లోపలా ఉన్నది ఈ తీగ చుట్టే. కాబట్టి జాగ్రత్తలూ ఇవే.

తీగలోనే ఉంది కిటుకు

పొయ్యిలో ఎర్రగా కాలేది నిక్రోమ్ తీగ. నికెల్ 80 పాళ్లు, క్రోమియం 20 పాళ్లు కలిపిన లోహం. అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ దీనికి 1906లో పేటెంటు పొందారు. మామూలు ఇనుప తీగను అలా కాలిస్తే తుప్పుగా రాలిపోతుంది. నిక్రోమ్ వేడెక్కగానే దాని మీద క్రోమియం ఆక్సైడు పొర సన్నగా కమ్ముకుంటుంది. ఆ పొరే లోపలి తీగకు కవచం. అందుకే వేల సార్లు ఎర్రబడినా తీగ నిలుస్తుంది.

మరి ఎందుకు తెగుతుంది? మొదటి శత్రువు పొంగు. ఉప్పు వేసిన పప్పో, పాలో పొంగి తీగ మీద పడితే ఆ పొర దెబ్బతింటుంది. అక్కడ తీగ సన్నబడి, మిగతా చోట్ల కంటే ఎక్కువ కాలి, చివరకు తెగుతుంది. రెండోది, చుట్టలు సాగి ఒకదాన్నొకటి తాకడం. మూడోది ఎవరూ పట్టించుకోని చోటు, అంటే తీగ కొసలు బిగించే స్క్రూలు. అవి వదులైతే అక్కడే నిప్పురవ్వలు లేచి వైరు మాడిపోతుంది. ‘కాయిల్ పోయింది’ అనుకుని తీసుకెళ్లిన పొయ్యిల్లో కొన్నింటికి కావలసింది స్క్రూ బిగింపే.

ముడి వేస్తే మూడు కష్టాలు

తెగిన తీగ కొసలు లాగి మెలిపెట్టి వాడుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ పూటకు గడుస్తుంది. కానీ ముడి పడిన మేరకు తీగ పొట్టిదవుతుంది. పొట్టి తీగ కరెంటును ఎక్కువ లాగుతుంది. లెక్క చూడండి. 230 వోల్టుల దగ్గర వెయ్యి వాట్ల కాయిల్ నిరోధం దాదాపు 53 ఓములు. అందులో పదో వంతు తీగ తగ్గితే పొయ్యి లాగేది 1,110 వాట్లు. ఐదో వంతు తగ్గితే 1,250 వాట్లు. తీగ మరింత ఎర్రబడి మళ్లీ తెగుతుంది, మళ్లీ ముడి. చివరకు ప్లగ్గు, వైరు కూడా వేడెక్కుతాయి. టంకం వేసి అతికిద్దామనుకుంటే అదీ నిలవదు. ఆ వేడికి టంకం నీరై కారిపోతుంది. తీగ తెగితే అదే వాట్ల కొత్త కాయిల్ వేయడమే మేలు. ప్లేటు పగిలినా అంతే. పగులులోంచి తీగ జారి డబ్బాకు తగిలితే పొయ్యి మొత్తం కరెంటే.

వోల్టేజీ లెక్క కూడా తెలిసి ఉండాలి. లైను చివర ఉన్న ఇళ్లకు సాయంత్రం పూట 180 వోల్టులే అందితే వెయ్యి వాట్ల పొయ్యి ఇచ్చే వేడి 612 వాట్లకు పడిపోతుంది. అన్నం ఉడకలేదని కాయిల్‌ను కత్తిరించేవారూ ఉన్నారు. అర్ధరాత్రి వోల్టేజీ 250కి ఎగబాకితే ఆ కాయిల్ గతేమిటి?

స్విచ్ ఆపినా కరెంటే!

పాత ఇళ్ల వైరింగులో పొంచి ఉన్న ప్రమాదం మరొకటి. ఫేజు వైరు స్విచ్ గుండా రావాలి. ఏనాడో ఎవరో అటూ ఇటూ కలిపేస్తే న్యూట్రల్ మీద స్విచ్ పడుతుంది. అప్పుడు స్విచ్ ఆపితే తీగ చల్లారుతుంది, కానీ దానిలో కరెంటు అలాగే ఉంటుంది. చల్లారింది కదా అని చెయ్యి పెడితే అంతే సంగతులు. అందుకే స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్గు పీకాకే పొయ్యిని తుడవాలి, విప్పాలి. గిన్నె పెట్టేటప్పుడూ దించేటప్పుడూ కరెంటు ఆపేయాలి. పొయ్యి మండుతుండగా ఇనుప గరిటెతో కలపకపోవడమే మంచిది.

ఇక పవర్ పాయింటు. రెండు వేల వాట్ల పొయ్యి దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యానుకు, సెల్ ఛార్జరుకు పెట్టే 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు దానికి చాలదు. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగిన మందం వైరు కావాలి. ఫీజు ఎగిరిపోతోందని లావు రాగి తీగ చుట్టడం చేతులారా ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఎర్తు ఉందో లేదో చూడడమెలా?

మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే ఎర్తు ఉన్నట్టే అనుకుంటే పొరపాటు. లోపల మూడో వైరు ఉండకపోవచ్చు. ప్లగ్గు పీకి, మల్టీమీటరు ఒక కొసను లావాటి ఎర్తు పిన్నుకు, మరో కొసను పొయ్యి డబ్బాకు రంగు లేని చోట ఆనించాలి. ఒక ఓము లోపు చూపితే బాగున్నట్టు. తరవాత ఫేజు పిన్నుకు, డబ్బాకు మధ్య చూడాలి. అక్కడ కలయిక ఏమాత్రం కనిపించకూడదు. సందేహం ఉంటే మెగ్గరుతో పరీక్షించమని వైర్‌మన్‌ను అడగాలి.

పొయ్యికి ఎర్తు వైరు ఉన్నా ఇంటికి ఎర్తు గుంత లేకపోతే ఫలితం సున్నా. ఉప్పు, బొగ్గు వేసిన పాత గుంత ఎండాకాలంలో పొడిబారుతుంది. అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మరీ మంచిది. లీకేజీ అయిన మరుక్షణం కరెంటు ఆపేస్తుంది. పాత పొయ్యి పెట్టగానే అది పడిపోతుంటే తిట్టుకోవద్దు. పొయ్యిలో లోపం ఉందని అది చెబుతోందన్నమాట.

వరదలో తడిస్తే?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వంశధార పొంగింది. ఏటి ఒడ్డు ఊళ్లకు ఈ భయం ఎప్పుడూ ఉండేదే. నీట మునిగిన పొయ్యిని పైపైన తుడిచి ప్లగ్గు పెట్టకూడదు. మట్టి ప్లేటు లోపలి తేమ ఒక పూటలో పోదు. విప్పి, బురద కడిగి, కొన్ని రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, పరీక్ష చేయించాకే వాడాలి. ఇనుప గొట్టంలో మూసి ఉన్న కాయిల్ రకం పొయ్యిలదీ అదే తంతు. గొట్టం లోపలి మెగ్నీషియం ఆక్సైడు పొడి తేమను పీలుస్తుంది. అమెరికాలో ఉంటున్న మన పిల్లల అద్దె ఇళ్లలో కనిపించే చుట్టల పొయ్యిలు ఈ రకానివే. అక్కడ 1950ల నాటి రేంజిలను ముచ్చటగా బాగు చేయించుకుని వాడేవారూ ఉన్నారు. వాళ్లూ ముందు మార్చేది పాత వైర్లనే.

ఎప్పుడు వదిలేయాలి?

డబ్బా తుప్పు పట్టి చిల్లులు పడితే, కాళ్లు నిలవకపోతే మమకారం చంపుకోవాల్సిందే. మరో మాట. చాలా పాత పొయ్యిల్లో కాయిల్ కింద తెల్లటి అట్టలాంటిదో, వైరు చుట్టూ నారలాంటిదో ఉంటుంది. అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, ఊదొద్దు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. పొడిగా రాలుతుంటే ఆ పొయ్యిని వాడకపోవడమే క్షేమం.

ప్లగ్గు పెట్టే ముందు...

* వైరు మూడు తీగలదేనా? ఎక్కడైనా చిట్లిందా?
* స్క్రూలు బిగుతుగా ఉన్నాయా? నల్లబడిన కొసలను గరుకు కాగితంతో రుద్దారా?
* కాయిల్‌లో ముడి ఉందా? ప్లేటు పగిలిందా?
* ఎర్తు పిన్నుకు, డబ్బాకు కలయిక ఉందా?
* పొయ్యి కింద నేల పొడిగా ఉందా? కాళ్లకు చెప్పులున్నాయా?

ఇంటి వైరింగు పని లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తోనే చేయించాలి. స్తంభం వైపు లోపమైతే 1912కు ఫోను చేయొచ్చు.

కాయిల్ పోతే కాయిల్ దొరుకుతుంది, ప్లేటు పగిలితే ప్లేటు దొరుకుతుంది. అందుకే మా తాతగారి పొయ్యి ఇంకా వంటింట్లోనే ఉంది. అమ్మ మాత్రం ఇప్పటికీ గిన్నె ముట్టుకునే ముందు ప్లగ్గు పీకి పక్కన పెడుతుంది. ఆ ఒక్క అలవాటు అందరికీ ఉంటే చాలు!