అమ్మానాన్నలతో గోల్ఫ్ రిసార్ట్‌కా? ఎందుకు కాదు!

పార్సిప్పనీ: ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మన ఇళ్లలో తిప్పి చూపించే చోట్లు దాదాపు ఒకటే. బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడి, లిబర్టీ విగ్రహం, వాషింగ్టన్, నయాగరా. నయాగరా అంటే పోను ఆరేడు గంటలు, రాను ఆరేడు గంటలు కారులోనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది విహారం కాదు, పరీక్ష. ఆ రెండు మూడు ట్రిప్పులు అయ్యాక మనం ఆఫీసుకు, పిల్లలు బడికి. పెద్దవాళ్లు కిటికీ దగ్గర. ఆరు నెలల మకాం అలాగే కరిగిపోతుంది.

అలాంటి ఇళ్లవాళ్లు ఒకసారి గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని దక్షిణానికి వెళ్లి చూడండి. ట్రాఫిక్ కనికరిస్తే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అట్లాంటిక్ సిటీకి కాస్త ఇవతల, గాలొవే టౌన్‌షిప్‌లో, సముద్రపు పాయ ఒడ్డున సీవ్యూ అనే పాత గోల్ఫ్ రిసార్ట్ ఉంది. గోల్ఫ్ అనగానే 'మనకెందుకులే, డబ్బున్నవాళ్ల ఆట' అనేస్తాం. ఆ మాట పూర్తిగా తప్పూ కాదు. కానీ అక్కడ ఉండటానికి ఆట రానవసరం లేదు.

ఒక పెద్దమనిషి పంతం

సీవ్యూ 1914లో మొదలైంది. కట్టించినాయన క్లారెన్స్ గీస్ట్, గ్యాస్, నీటి సరఫరా కంపెనీలతో కోట్లు గడించిన ఫిలడెల్ఫియా వ్యాపారి. అట్లాంటిక్ సిటీ కంట్రీ క్లబ్‌లో తన వంతు కోసం కాచుక్కూర్చోవాల్సి రావడంతో చిరాకెత్తి, సొంత క్లబ్బే కట్టుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. పంతానికి పోయి గుళ్లు, సత్రాలు కట్టించిన జమీందార్ల కథలు విన్న మనకు ఇది కొత్తగా అనిపించదు. అన్నట్టు, గోల్ఫ్‌లో 'బర్డీ' అనే మాట పుట్టింది తమ దగ్గరేనని, అదీ 1903లోనని, ఆ కంట్రీ క్లబ్‌వాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

సీవ్యూలో రెండు కోర్సులున్నాయి. పాయ పక్కన బే కోర్సు, చెట్ల మధ్య పైన్స్ కోర్సు. 1942లో పీజీఏ ఛాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. ఫైనల్లో శామ్ స్నీడ్, సైన్యంలో కార్పొరల్‌గా ఉన్న జిమ్ టర్నేసాను ఓడించాడు. స్నీడ్‌కు అదే తొలి మేజర్ టైటిల్. యుద్ధకాలం కదా, గెలిచిన వెంటనే ఆయన నౌకాదళంలో చేరిపోయాడు. ఇప్పుడు ఏటా వేసవి మొదట్లో మహిళల ఎల్‌పీజీఏ టోర్నీ బే కోర్సులో జరుగుతుంది. మధ్యలో ఓ విచిత్రం: 2010లో ఈ రిసార్ట్‌ను స్థానిక స్టాక్‌టన్ కాలేజీ కొనుక్కుని, ఎనిమిదేళ్ల తర్వాత అమ్మేసింది. ఆ రోజుల్లో కొందరు విద్యార్థులకు హాస్టల్ గదులు ఇక్కడే! కొన్నేళ్లు ఇది డోల్చే పేరుతో నడిచింది. ఆ డోల్చే బ్రాండ్‌ను 2015లో కొన్న విండమ్ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో కాదు, మన పార్సిప్పనీలోనే ఉంది.

గేటు అందరికీ తెరుచుకోలేదు

ఈ చరిత్రలో మనం దాటేయకూడని పేజీ ఒకటుంది. 1942లో స్నీడ్ కప్పు అందుకున్న ఆ సంఘంలో నల్లజాతి ఆటగాళ్లకు చోటు లేదు. 'శ్వేతజాతీయులకు మాత్రమే' అన్న నిబంధనను పీజీఏ 1961లోగానీ ఎత్తేయలేదు. ఆ నిబంధన మీద ఏళ్ల తరబడి పోరాడిన ఛార్లీ సిఫోర్డ్ పేరు మన పిల్లలకు తెలియాలి.

న్యూజెర్సీకి ఇందులో మరో పాత్ర కూడా ఉంది. పార్సిప్పనీకి దగ్గర్లోనే ఉన్న స్కాచ్ ప్లెయిన్స్‌లో 1921లో నల్లజాతివారు షేడీ రెస్ట్ పేరుతో సొంత గోల్ఫ్ క్లబ్ పెట్టుకున్నారు. 1896 యూఎస్ ఓపెన్‌లో ఆడిన జాన్ షిపెన్ అక్కడే దశాబ్దాలపాటు పనిచేశారు. సీవ్యూ లాంటి చోట ఇవాళ మన నాన్నగారు పంచెకట్టుతో వరండాలో కూర్చుని కాఫీ తాగగలుగుతున్నారంటే, ఆ గేట్లను మనకన్నా ముందు తోసినవాళ్లున్నారు.

మన సాహిత్ ఆడిన తీరాలు

ఇప్పుడు టీవీలో గోల్ఫ్ పెట్టడానికి మన ఇళ్లలో ఓ కారణం దొరికింది. అతనే సాహిత్ తీగల. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబం, కాలిఫోర్నియాలోని చైనో హిల్స్‌లో పెంపకం. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. 2024 జనవరిలో హవాయిలోని కపలువాలో ఒక్క స్ట్రోక్ తేడాతో రెండో స్థానం. అదే ఏప్రిల్‌లో సౌత్ కరోలినా తీరంలోని హిల్టన్ హెడ్‌లో స్కాటీ షెఫ్లర్ వెనక మళ్లీ రెండో స్థానం. ఆ ఏడాది ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టు తరఫున ఆడాడు. కపలువా, హిల్టన్ హెడ్ రెండూ ఎండకాసే తీరాల్లోని ఖరీదైన రిసార్ట్‌లే. అలాంటి చోట లీడర్‌బోర్డు మీద మన ఇంటిపేరు కనిపిస్తే, గోల్ఫ్‌లో ఓనమాలు తెలియని తాతయ్య కూడా కళ్లద్దాలు సర్దుకుంటాడు.

వెళ్లే ముందు

ముందు ఖర్చు సంగతి. జులై, ఆగస్టు వారాంతాల్లో రేట్లు మండుతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వారం మధ్య రోజులు చూసుకోండి. ఎండ అలాగే ఉంటుంది, రద్దీ ఉండదు. తప్పనిసరి రిసార్ట్ ఫీజును చివర్లో కలిపే అలవాటుకు ఫెడరల్ నిబంధన అడ్డుకట్ట వేసింది. 2025 మే 12 నుంచి అలాంటి ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే ముందు చూపించాలి. పన్నులు మాత్రం ఆ పైన ఉండొచ్చు. ఆడాలనుకుంటే సాయంత్రం పూట రేటు చాలా కోర్సుల్లో తక్కువే. జీన్స్ వద్దు, కాలరున్న చొక్కా వేసుకోండి.

తిండి దగ్గరే అసలు పేచీ. శాకాహారులైన పెద్దలకు రిసార్ట్ రెస్టారెంట్‌లో సలాడ్, పాస్తా తప్ప పెద్దగా దొరకవు. బుక్ చేసేటప్పుడే గదిలో ఫ్రిజ్ ఉందా అని అడగండి. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తీసుకెళ్లండి, అంతే. గదిలో ఇండక్షన్ స్టవ్ పెట్టి తాలింపు వేయకండి. ఫైర్ అలారం మోగితే హోటలంతా పార్కింగ్ లాట్‌లో నిలబడాలి.

సీవ్యూ నుంచి పాయ, దాని అవతల అట్లాంటిక్ సిటీ మేడలు కనిపిస్తాయి గానీ ఇసుక బీచ్ మాత్రం అక్కడ లేదు. అందుకు అట్లాంటిక్ సిటీకి వెళ్లాలి. జెర్సీ తీరంలో చాలా ఊళ్లు బీచ్‌కు డబ్బు వసూలు చేస్తాయి, అక్కడ మాత్రం ఉచితం. చెక్కల బోర్డ్‌వాక్ మీద మనుషులు తోసే చక్రాల కుర్చీ బళ్లు ఉంటాయి. నడవలేని అమ్మమ్మను అందులో కూర్చోబెడితే సముద్రం పొడవునా చూడొచ్చు. ముందే బేరం మాట్లాడుకోండి. మార్గేట్‌లో 1881 నాటి లూసీ అనే ఆరంతస్తుల ఏనుగు భవనం పిల్లలకు పండగే.

పెద్దలకు నా ఓటు మాత్రం ఫోర్సైత్ పక్షుల అభయారణ్యానికి. ఎనిమిది మైళ్ల మట్టిరోడ్డు, కారు దిగకుండానే కొంగలు, డేగలు. కొల్లేరు చూసినవాళ్లయితే అక్కడ వాళ్లే మనకు పక్షుల పేర్లు చెబుతారు. జులైలో మాత్రం వద్దు, కుట్టే పచ్చకళ్ల ఈగలు ప్రాణం తీస్తాయి.

ఇక గోల్ఫ్ మీద నిజంగా ఆసక్తి పుడితే, క్లబ్బులు కొనేయడానికి తొందరపడకండి. మన టౌన్‌షిప్‌కే నోల్ అనే గోల్ఫ్ క్లబ్ ఉంది. అందులో నోల్ వెస్ట్ కోర్సును ఛార్లెస్ బ్యాంక్స్ తీర్చిదిద్దారు, 1929 నాటిది. ఊళ్లో ఉంటున్నవాళ్లకు వేరే రేటు ఉంటుంది. నివాస రుజువు పట్టుకుని ఓ సాయంత్రం నాన్నగారితో అటు నడవండి.