‘నీకేం వచ్చు?’ అని అడిగే వైద్యం

బస్తర్ కేంద్రం జగదల్‌పూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న సేంద్రికి దాదాపు 400 కి.మీ. దూరం. బిలాస్‌పూర్ పక్కనున్న ఆ ఊరికి చేరినా, గోండీ తప్ప మరో భాష రాని రోగి తన గోడు చెప్పుకోవడం కష్టమే. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక వేలాది మంది ఇక్కడి ఊళ్లు వదిలారు. చాలామంది ఖమ్మం జిల్లా అడవులకు చేరారు. ఇల్లూ, అయినవాళ్లూ పోయినచోట మనసు చెదరడం వింతేమీ కాదు.

అలాంటి మనిషిని ‘నీకేం జబ్బు?’ అని మాత్రమే అడిగితే సరిపోదంటుంది 1980లలో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రాప్, సహచరులు రూపొందించిన పద్ధతి. ‘నీకేం వచ్చు? ఏం కావాలి? నీకు ఎవరున్నారు?’ అన్నవి దాని ప్రశ్నలు. లక్ష్యం రోగే నిర్ణయించుకుంటాడు. సాయం ఆస్పత్రిలో కాదు, అతను బతికేచోటే అందుతుంది.

ఈ ప్రశ్నలకు బస్తర్‌లో జవాబులకు కొదవ లేదు. తునికాకు కోసే చేతులున్నాయి, కొండగావ్‌లో డోక్రా బొమ్మలు పోతపోసే నైపుణ్యముంది. గడప దాకా వచ్చే మితానిన్లున్నారు. 2002లో మొదలైన ఈ మహిళా ఆరోగ్య కార్యకర్తలు తమ పల్లె భాషలోనే పలకరిస్తారు.

అయితే తీవ్రమైన జబ్బుకు మందులు తప్పవు. రోగిలో బలముందన్న మాట సర్కారు తప్పుకోవడానికి సాకు కారాదు. సమాజం మధ్య జీవించడం, ప్రభుత్వ చికిత్స పొందడం హక్కులని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం తేల్చిచెప్పింది. ఆ హక్కు 400 కి.మీ. అవతలే ఆగిపోతే, ఎంత మంచి ప్రశ్న అడిగినా వృథాయే.