పాలపిట్ట: దర్శనం వెనుక విజ్ఞానం

విజయదశమినాడు పాలపిట్ట కంటబడితే శుభమన్నది తెలుగునాట తరతరాల విశ్వాసం. జమ్మిపూజకు ఊరి పొలిమేరకు తరలివెళ్ళే జనం ఈ పక్షి కోసం పొలాలవైపు కన్నులు సారించే ఆచారం తెలంగాణ పల్లెలలో నేటికీ ఉన్నది. ఉద్యోగరీత్యా ఫరీదాబాదు చేరిన మనకు ఇక్కడా ఆ లోటు లేదు. హిందీ ప్రాంతంలో దీనిని ‘నీల్‌కంఠ్’ అని పిలిచి, హాలాహలం మింగిన శివునికి ప్రతిరూపంగా భావించి, దసరానాడు దర్శనం కోరుకుంటారు. తెలంగాణ, కర్ణాటక, ఒడిశాలకు ఇది రాష్ట్ర పక్షి.

నిజానికి దీని కంఠం నీలం కాదు, గోధుమ ఛాయగలది. విద్యుత్ తీగపై సాదాగా కూర్చున్న ఈ పక్షి రెక్క విప్పగానే ముదురు, లేత నీలాలు పట్టీలుగా మెరుస్తాయి. ఆ నీలం ఏ రంగుపదార్థం వల్లనో వచ్చినది కాదు. ఈకలోని కెరటిన్‌లో ఉండే అతిసూక్ష్మ రంధ్రాల అమరిక నీలికాంతిని వెదజల్లుతుంది. అడుగునగల మెలనిన్ మిగిలిన కాంతిని పీల్చుకుంటుంది. ఈకను మెత్తగా నూరితే ఆ నిర్మాణం చెదిరి నీలం మాయమవుతుంది. సర్ సి.వి. రామన్ 1930వ దశకంలో ఈ పక్షి ఈకలను పరిశీలించి వ్యాసం ప్రకటించారు. మా వంటి ఇంజనీర్లకు ఇదొక నిర్మాణ పాఠం.

ఈ నిర్మాణం ఎంత ప్రాచీనం? పక్షులు డైనోసార్ల సంతతికి చెందినవి. జర్మనీలో 1861లో వెలుగుచూసిన ఆర్కియోటెరిక్స్‌కు ఈకలతోపాటు దంతాలు, పొడవైన ఎముకల తోక ఉండేవి. దాని వయస్సు సుమారు 15 కోట్ల ఏళ్ళు. ఆ దేశంలోనే మెసెల్ గనిలో పాలపిట్టకు ప్రాచీన బంధువైన ఇయోకొరాసియస్ శిలాజం దొరికింది. సుమారు 4.8 కోట్ల ఏళ్ళనాటి ఆ ఈకలలోని మెలనిన్ రేణువులను బట్టి, అదీ నీలివర్ణపు పక్షియే కావచ్చునని 2019లో శాస్త్రజ్ఞులు తెలిపారు.

మానవజాతి పుట్టుకకు ఎంతో ముందునాటి ఈ వారసత్వం నేడు మన కళ్ళముందే తరిగిపోతున్నది. గత దశాబ్దంలో దేశంలో పాలపిట్టల సంఖ్య సుమారు 30 శాతం తగ్గినట్లు 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక పేర్కొన్నది. దీనికితోడు, దసరా దర్శనం పేరిట వీటిని పట్టి, రెక్కలు కత్తిరించి, పంజరాలలో చూపి డబ్బు వసూలు చేసేవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం.

పాలపిట్ట పంటలకు చేటుచేసే పురుగులను తిని రైతుకు మేలు చేస్తుంది. చెట్టు తొర్రలలో గూడు కట్టుకుంటుంది. కనుక తొర్రలున్న పాత చెట్లను కాపాడుదాం. పంజరంలోని పక్షికి పైసా ఇవ్వవద్దు. ఈ దసరా ఉదయాన పిల్లలను వెంటబెట్టుకొని ఆరావళి కొండల అంచుకో, పొలాలవైపుకో వెళదాం. స్వేచ్ఛగా ఎగిరే పాలపిట్టను చూడటమే పెద్దలు చెప్పిన శుభదర్శనం.